ఏ కామెర్లు?

"మంత్రంతో కామెర్లు తగ్గాయి కదా, దీనికేమంటారు?" అని మా రాయ్‌పూర్‌లో అడిగేవాళ్ళకి నేను తిరిగి వేసే ప్రశ్న ఒక్కటే: ఏ కామెర్లు?

కామెర్లు జబ్బు పేరు కాదు, లక్షణం పేరు. రక్తంలో బిలిరుబిన్ పెరిగితే కళ్ళు పచ్చబడతాయి. కారణం మురుగు కలిసిన నీళ్ళతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కావచ్చు. రక్తం ద్వారా సోకే బి, సి కావచ్చు. పైత్యనాళంలో రాయి కావచ్చు, క్యాన్సర్ కూడా కావచ్చు.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ పద్దుకి చెందుతుందో తెలియని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. తేల్చకుండా వదిలేస్తే ఆడిట్ ఊరుకోదు. కామెర్లు అనే మాట అలాంటి సస్పెన్స్ ఖాతా. ఇక్కడ పీలియాకి ఝాడ్‌ఫూంక్ చేసే బైగా బతుకుతున్నది దాని మీదే.

ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ జమ బైగాకి పడుతుంది. పోయినవాళ్ళ ఖర్చు మాత్రం విధిరాత పద్దులో రాస్తారు! సున్నపు నీళ్ళలో చేతులు కడిగితే దిగే పసుపు జబ్బుది కాదు, ముందే పూసిన మామిడి బెరడు రసానిది.

1955-56లో ఢిల్లీ తాగునీటిలో మురుగు కలిసి సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. అది ఇ రకమని దశాబ్దాల తర్వాత తేలింది. నెలలు నిండుతున్న గర్భిణులకు ఇదే సోకితే నూటికి 20-25 మంది దాకా ప్రాణాలు పోవచ్చు. అలాంటి మనిషిని సున్నపు నీళ్ళ ముందు కూర్చోబెట్టడం వైద్యమా?

హేతువాదులం మనం "మంత్రం అబద్ధం" అని ఊరుకుంటే చాలదు. రక్తపరీక్షతో జబ్బు పేరు తేల్చమని రోగికి చెప్పాలి. తాగునీటి పైపు మురుగుకాలవలో ఎందుకు నానుతోందని కార్పొరేషన్‌ని నిలదీయాలి.