పిచ్చాపాటీ: బురదలో అసలు హీరో ఎవరు?

సినిమాల్లో మీరూ చూసే వుంటారు. వెనక విలన్ మనుషుల జీపులు. ఎదురుగా మోకాల్లోతు బురద. హీరోగారు కంగారు పడరు. ఓ చిన్న నవ్వు నవ్వి, గేరు పక్కనున్న గుండ్రటి మీట కాస్త తిప్పుతారు. అంతే! బండి గర్జించి ఒక్క ఊపులో బయటికొస్తుంది. బురదంతా విలన్ మొహాన పడుతుంది. హాల్లో ఈలలే ఈలలు!

మనమూ వేస్తాం. వేయాలి కూడా. టిక్కెట్టు కొన్నది అందుకేగా!

ఇంటికొచ్చాక మాత్రం కుర్రకారుకి ఓ సందేహం మిగిలిపోతుంది. "ఆ మీట నిజంగానే అంత పని చేస్తుందా?" అని. దానికి జవాబు నాకు నూజివీడు మామిడితోటలో దొరికింది. ఎలాగంటారా? చెబుతా వినండి.

జూన్ మొదట్లో, చిన్నరసాలు ఆఖరి కోతకొచ్చిన రోజుల్లో, ఓ స్నేహితుడి తోటకి బయల్దేరాం. నేను, మా ఆవిడ, పదేళ్ళ మా అమ్మాయి. బండి మా మేనల్లుడిది. కొత్తది, ఖరీదైనది. కంపెనీ పేరు అడక్కండి, అది మన కథకి అవసరం లేదు. సీట్లో కూర్చుంటే సోఫాలో కూర్చున్నట్టుంది. మా వాడు ఆ గుండ్రటి మీటని 'ఆటో'లో పెట్టి, "ఇక మనం ఏం చెయ్యక్కర్లేదు మావయ్యా! రోడ్డేమిటో, బురదేమిటో అదే చూసుకుంటుంది" అన్నాడు.

ఆ మాటలో సగం నిజం వుంది. ముందు ఆ సగం చెబుతా.

ఈ పద్ధతిని లాండ్ రోవర్ వాళ్ళు 2004లో డిస్కవరీ 3తో తెచ్చారు. మామూలు రోడ్డు, గడ్డి-కంకర-మంచు, బురద-గాళ్ళు, ఇసుక, బండరాళ్ళు... ఇలా అయిదు రకాలు. నేలను చూసి డ్రైవరే మీట తిప్పాలి. 2012లో వచ్చిన రేంజ్ రోవర్‌కి 'ఆటో' కూడా జతచేశారు. అంటే నేలను కనిపెట్టే పని కూడా బండికే అప్పజెప్పారన్నమాట. ఆ కంపెనీని 2008లో మన టాటావాళ్ళు కొన్న సంగతి మీకు తెలిసిందే. తర్వాత 2019లో వచ్చిన టాటా హారియర్లోనూ, 2022లో వచ్చిన మహీంద్రా స్కార్పియో-ఎన్‌లోనూ ఇలాంటి మోడ్‌లు వచ్చాయి. 1947లో మహీంద్రావాళ్ళు విల్లీస్ జీపులు బిగించడం మొదలెట్టినప్పుడు ఇవన్నీ డ్రైవరు చేతుల్లో, కాళ్ళలోనే వుండేవి!

ఇంతకీ బండికి నేల ఎలా తెలుస్తుంది? చూసి కాదు, తడిమి! నాలుగు చక్రాలూ ఒక్కోటీ ఎంత వేగంగా తిరుగుతోందో కొలుస్తుంది. ఏ చక్రం జారుతోందో, స్టీరింగు ఎటు తిరిగి వుందో, స్ప్రింగుల దగ్గర ఎగుడుదిగుళ్ళు ఎలా వున్నాయో లెక్క చూస్తుంది. చెప్పుల్లేకుండా చీకట్లో గట్టు మీద నడిచేవాడు కాలి మడమతో నేలను పోల్చుకున్నట్టు!

పోల్చుకున్నాక ఏం చేస్తుంది? గడ్డి, కంకర మీద యాక్సిలరేటర్ని మెత్తబరుస్తుంది. మీరు గట్టిగా తొక్కినా ఇంజను నెమ్మదిగానే స్పందిస్తుంది, చక్రం జారకూడదని. ఇసుకలో దానికి తలకిందులు. ఊపు తగ్గితే కూరుకుపోతుంది గనక హుషారుగా లాగుతుంది. బురదలో చక్రాన్ని కాస్త ఎక్కువే తిరగనిస్తుంది, టైరు గాళ్ళలో ఇరుక్కున్న మట్టి విదిలిపోవాలిగా! ఒక చక్రం ఉత్తినే గిర్రున తిరిగిపోతుంటే, దానికొక్కదానికే బ్రేకు పట్టి, బలాన్ని నేల పట్టున్న చక్రానికి పంపుతుంది. జోడెద్దుల్లో ఒకటి కాడి వదిలేసి గంతులేస్తుంటే, దాని పగ్గం బిగబట్టి రెండోదాన్ని అదిలించడమన్నమాట.

నూజివీడు ఎర్రనేలలో ఇదంతా కళ్ళారా చూశాం. ముందురోజు వాన కురిసింది. తోటబాటలో బండి ఒక్కసారి కూడా తడబడలేదు. మా వాడు అద్దంలోంచి నాకేసి చూసి కళ్ళెగరేశాడు. హీరో!

కాయకోత చూశాం. చిక్కంలో పడ్డ చిన్నరసం అక్కడికక్కడే పిండుకుని తాగాం. ఆ రుచి గురించి రాయమంటే ఈ పేజీ చాలదు. అసలు కథ ఆ తర్వాత జరిగింది.

తోట చివర పల్లంలో కాస్త నల్లమట్టి వుంది. మా వాడు బండిని అటు తిప్పాడు. కావలి తాత "బాబూ, అటొద్దు, దిగబడిద్ది" అన్నాడు. "ఆటోలో వుంది తాతా" అన్నాడు మా వాడు. పది గజాలు వెళ్ళామో లేదో, బండి మెత్తగా కూర్చుంది. తెర మీద ఏవో బొమ్మలు వెలిగాయి. మా వాడు చేత్తో బురద మోడ్‌లో పెట్టాడు. బండిని పైకి లేపాడు. తొక్కాడు. చక్రాలు తిరిగాయి, ఇంకో బెత్తెడు దిగింది. చివరికి పొట్ట నేలకానుకుంది.

ఎందుకలా? టైర్లు తారురోడ్డు టైర్లు. నల్లమట్టి వాటి గాళ్ళలో నిండిపోయి నున్నగా గారెపిండి పూసినట్టయింది. మోడ్ మారిస్తే ఇంజను, బ్రేకులు, గేర్లు నడిచే తీరు మారుతుందే గాని టైరు మారదు. నేల పట్టే నాలుగు అరచేతులంత చోటే బండికి ఆధారం. అక్కడ పట్టు లేకపోతే ఎంత తెలివున్నా పంచలేదు. ఉన్న పట్టునే కదా పంచేది! ఇంకో సంగతి. బండి తడిమి తెలుసుకుంటుంది అన్నానుగా. అంటే బురదలో కాలు పెట్టాకే అది బురదని తెలుస్తుంది. తాతకి పది గజాల ముందే తెలుసు.

ట్రాక్టరొచ్చి తాడేసి లాగింది. సినిమాలో అయితే ఆ తాడు కనబడకుండా చెరిపేస్తారు. ఇక్కడ తోటలో కూలీలంతా చూశారు! తాత మాత్రం నవ్వలేదు. "మంచి బండే బాబూ" అని మట్టి తుడిచాడు. మా వాడి మొహం చూడాలి!

ఇంతవరకూ నవ్వుకునే కథే. ఇకముందుది కాదు.

సాయంత్రం తిరుగు ప్రయాణం. పైన కొండలవైపు వాన దంచేసినట్టుంది. పొద్దున పొడిగా దాటిన వాగు చప్టా మీద ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి. అవతలి ఒడ్డు కనబడుతూనే వుంది, ఇరవై గజాలు. "మోకాలు దాటదు మావయ్యా. మన బండి ఇంతకంటే లోతు దాటుద్దని పుస్తకంలోనే రాశారు" అన్నాడు. పొద్దుటి అవమానం వాడి గొంతులో వుంది. వెనక సీట్లో మా అమ్మాయి రెండు మామిడి బుట్టల మధ్య నిద్రపోతోంది.

పుస్తకంలో రాసింది అబద్ధం కాదు. రేంజ్ రోవర్‌కి 900 మిల్లీమీటర్ల నీళ్ళ దాకా దాటొచ్చని కంపెనీ లెక్క. అయితే ఆ లెక్క గట్టినేల మీద, నెమ్మదిగా వెళ్ళేటప్పటిది. పారే నీటి లెక్క వేరు. అడుగు లోతు ప్రవాహం చిన్న కార్లను తేల్చేయగలదు. రెండడుగులైతే చాలా పెద్ద బండ్లని కూడా పక్కకి తోసుకుపోతుంది. బండి తేలిందంటే చక్రాలకి నేలే లేదు. ఇక ఏ మోడ్ ఏం చేస్తుంది? కొన్ని బండ్లలో అద్దాల కింద నీటి లోతు కొలిచే సాధనాలుంటాయి. అవి బండి వున్నచోటి లోతే చెబుతాయి. నాలుగు గజాల ముందు చప్టా వుందో, కొట్టుకుపోయిందో చెప్పలేవు.

ఇదంతా అప్పుడు చెప్పానా? లేదు. "ఒరేయ్, దిగుతాను. పిల్లని దించనీ. తర్వాత నీ ఇష్టం" అన్నాను. అంతే.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. వైపర్లు కొట్టుకుంటున్నాయి. ఆఖరికి రివర్సు గేరు వేశాడు.

ఆ రాత్రి స్నేహితుడి ఇంట్లోనే పడుకున్నాం. తెల్లారి వచ్చి చూస్తే వాగు తగ్గిపోయింది. చప్టా నడిమధ్యలో, ఎడమపక్కన, ఎడ్లబండి పట్టేంత ముక్క లేదు! మా వాడు దిగి, ఆ గండి అంచున నిలబడి, కారు తాళం జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అమ్మాయి మాత్రం "బావా, రసం తింటావా?" అంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచింది మీరు మరిచిపోయి వుండరు. మన వాగులు చిన్నవే, వానొస్తే చిన్నవి కావు.

అందుకని కుర్ర స్నేహితులారా, ఆ మీట నిజమే. మంచిదే. తడిసిన మట్టిబాటలో మీకంటే, నాకంటే అదే తొందరగా సర్దుకుంటుంది. సరైన టైర్లుంటే ఇంకా బాగా పనిచేస్తుంది. కాని అది మీరు ఎంచుకున్న దారిలో ఎలా నడవాలో చూస్తుందే గాని, ఆ దారి ఎంచుకోవాలో వద్దో చెప్పదు. ఆ పని ఇప్పటికీ కావలి తాతదీ, మనదీ.

ఈసారి హాల్లో హీరో మీట తిప్పినప్పుడు ఈల వేయండి. వాగు దగ్గర మాత్రం వెనక్కి తిప్పినవాడికి వేయండి. ఏమంటారు?

అదీ సంగతి! వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.