శాతాలతో నిజాయితీని కొలవలేం

చాట్‌జీపీటీ వచ్చాక విద్యార్థులంతా దొంగలయ్యారనీ, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొని పట్టుకోవడం తప్ప దారి లేదనీ విశ్వవిద్యాలయాల సెమినార్లలో ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. ఇది బాధ్యతను దులిపేసుకునే మాట. విద్యార్థి ఎక్కడి నుంచి ఎత్తి రాశాడని ఆరా తీసేవాళ్లు, అలా ఎత్తి రాస్తే సరిపోయే ప్రశ్న ఎవరిచ్చారని అడగరు. అదే అసైన్‌మెంట్‌ను ఏటా తిప్పి ఇస్తూ, సీనియర్ల రికార్డు చూసి దించిన రికార్డుపై చదవకుండా సంతకం పెట్టే చోట కాపీ కొట్టడం నేర్పింది యంత్రం కాదు, తరగతి గది.

అసలు రోగం శాతాల పిచ్చి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 40 దాకా ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆ శాతాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ చూసేది పదాల పోలికనే. ఆలోచనను దొంగిలించి మాటలు మార్చినవాడు, ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులోకి దించుకున్నవాడు చాలాసార్లు దానికి చిక్కరు. ఫలితంగా పరిశోధకుడు నేర్చుకునేది ఆధారాన్ని గౌరవించడం కాదు, పదాలు మార్చి అంకె తగ్గించడం. డబ్బు తీసుకుని ఆ పని చేసిపెట్టేవాళ్లూ పుట్టుకొచ్చారు. ఆధారాలు ఎలా చూపాలో విద్యార్థులకూ అధ్యాపకులకూ నేర్పాలని అవే నిబంధనలు చెప్తున్నాయి. ఆ భాగాన్ని పట్టించుకున్న సంస్థలెన్ని?

కృత్రిమ మేధ రాతను పసిగట్టే పరికరాల సంగతి ఇంకా ఘోరం. కచ్చితత్వం లేదంటూ ఓపెన్‌ఏఐ సంస్థే తన పరికరాన్ని 2023 జులైలో ఉపసంహరించుకుంది. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్ష కోసం స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవేనని ఇలాంటి పరికరాలు ముద్ర వేసినట్టు అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు చూపించారు. తెలుగు మీడియంలో చదివి, తడుముకుంటూ ఇంగ్లీషులో రాసే మన పిల్లల మీద ఆ ముద్ర పడితే ఎవరు జవాబు చెప్తారు?

అయితే తప్పు చేసినవాణ్ని వదిలేయాలా అంటారు. వదలకూడదు, నేర్పించాక శిక్షించాలి. అధ్యాపకులకు తీరిక లేదంటారు. ఖాళీలు నింపకుండా కాంట్రాక్టు ఉద్యోగులతో బండి లాగిస్తున్న ప్రభుత్వాలను ఆ మాట అడగాలి. అసలు నెట్, పీహెచ్‌డీ ఉంటే చాలు, పాఠం చెప్పడం రాకపోయినా కొలువు దొరుకుతుంది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత అధ్యాపకుల శిక్షణ కోసం వచ్చిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలు ఇప్పుడు మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. అక్కడి రిఫ్రెషర్ కోర్సు చాలామందికి ప్రమోషన్ సర్టిఫికెట్‌గానే మిగిలింది. ప్రశ్న ఎలా తయారుచేయాలి, చిత్తుప్రతి ఎలా దిద్దాలి, రాసినదాని మీద పది నిమిషాల వైవా ఎలా జరపాలి అన్నవి అక్కడ నేర్పాలి. అలా నేర్చుకున్న అధ్యాపకుణ్ని ప్రమోషన్‌లో గుర్తించాలి. వైస్‌ఛాన్సలర్లారా, సాఫ్ట్‌వేర్ బిల్లు మీద సంతకం పెట్టేముందు, అధ్యాపకులకు బోధన నేర్పడానికి ఈ ఏడాది మీరు ఎంత ఖర్చు పెట్టారో లెక్క చూపండి.