క్షమాపణ చాలదు, పెత్తనం వదలాలి

కెనడా ప్రభుత్వం 1876లో ఇండియన్ యాక్ట్ అనే చట్టం తెచ్చింది. అక్కడి ఆదివాసులను తెల్లవాళ్లు అప్పట్లో ఇండియన్లు అనేవారు. విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకున్నా, వైద్యుడిగానో న్యాయవాదిగానో వృత్తిలోకి దిగినా ఆ మనిషి ఇక చట్టం దృష్టిలో ఆదివాసి కాడని అందులో రాశారు. పట్టా చేతికొచ్చిన రోజే జాతి సభ్యత్వం, దాంతో పాటు వచ్చే హక్కులు రద్దయ్యేవన్నమాట. తర్వాత నిబంధనలు మారాయి గానీ, ఆ ఆలోచన అంత తొందరగా పోలేదు. చదువు కావాలంటే తనవాళ్లను వదులుకోవాలి, తనవాళ్లు కావాలంటే చదువు వదులుకోవాలి. తరాల పాటు ఆదివాసి యువతకు ఆ దేశం చూపించిన దారులు ఈ రెండే.

కెనడా విశ్వవిద్యాలయాలు కొన్నేళ్లుగా ఆదివాసులతో సయోధ్య కోసం చేస్తున్న ప్రయత్నాలను ఈ చరిత్ర పక్కన పెట్టుకుని చూడాలి. ఈ తగవులో విశ్వవిద్యాలయం తీర్పు చెప్పే పెద్దమనిషి కాదు, ప్రతివాది. ప్రతివాది ముందుకొచ్చి తప్పు ఒప్పుకోవడం మంచిదే. కానీ ఆ తప్పు చేయనిచ్చిన పెత్తనాన్ని అట్టే పెట్టుకుని చెప్పే క్షమాపణ సగంలోనే ఆగిపోతుంది. భూమి మీద, పాఠం మీద, పరిశోధన మీద, నియామకాల మీద తన పెత్తనాన్ని ఎంత వదులుకుందన్నదే విశ్వవిద్యాలయానికి అసలు పరీక్ష.

తప్పు ఎంత పెద్దదో ముందు చూద్దాం. వందేళ్లకు పైగా, 1990ల దాకా, సుమారు లక్షన్నర మంది ఆదివాసి పిల్లలను రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. ప్రభుత్వం డబ్బిచ్చింది, ఎక్కువ భాగం చర్చిలు నడిపాయి. మన గురుకులాలను మనసులో పెట్టుకుని వీటిని ఊహించకూడదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలను బలవంతంగా లాక్కెళ్లేవారు. జుట్టు కత్తిరించేవారు, ఇంటి భాషలో మాట్లాడితే కొట్టేవారు. క్షయతో పిల్లలు రాలిపోతున్నారని ప్రభుత్వ వైద్యాధికారి పీటర్ బ్రైస్ 1907లోనే నివేదిక ఇచ్చినా పాలకులు చెవిన పెట్టలేదు. ఆదివాసి న్యాయమూర్తి ముర్రే సింక్లెయిర్ అధ్యక్షతన సత్య, సయోధ్య కమిషన్ ఆరున్నర వేల మందికి పైగా బాధితుల, సాక్షుల మాటలు విని 2015లో తుది నివేదిక ఇచ్చింది. జరిగింది సాంస్కృతిక జాతిహననమని తేల్చి, 94 కర్తవ్యాలను దేశం ముందుంచింది. రికార్డుల్లో దొరికిన మరణాల్లో దాదాపు మూడో వంతుకు చనిపోయిన బిడ్డ పేరు కూడా రాసి లేదని కమిషన్ గుర్తించింది.

ఇందులో విశ్వవిద్యాలయాల పాత్ర ఏమిటి? ఆ విధానాన్ని నడిపిన అధికారులెందరో అక్కడ చదువుకుని వచ్చినవాళ్లే. అంతకంటే ఘోరమైనది మరొకటుంది. 1948, 1952 మధ్య ఆరు రెసిడెన్షియల్ స్కూళ్లలో దాదాపు వెయ్యి మంది పిల్లల మీద పోషకాహార ప్రయోగాలు జరిగాయి. అప్పటికే అర్ధాకలితో ఉన్న పిల్లలకు కడుపునిండా పెట్టాల్సింది పోయి, కొందరిని అలాగే ఉంచి ఫలితాలు రాసుకున్నారు. తల్లిదండ్రులను ఎవరూ అడగలేదు. చరిత్రకారుడు ఇయాన్ మోస్బీ 2013లో ఈ సంగతులు ప్రచురించే వరకు దేశంలో చాలామందికి వీటి ఊసే తెలియదు. విజ్ఞానశాస్త్రం పేరుతో ఇంత జరిగాక, ఆదివాసి సమాజం పరిశోధకుణ్ని చూసి అనుమానపడిందంటే అందులో వింతేమీ లేదు.

క్షమాపణ చెప్పడంలో మానిటోబా విశ్వవిద్యాలయం ముందు నిలిచింది. 2011లో దాని అధ్యక్షుడు కమిషన్ ఎదుటే తమ సంస్థ వైఫల్యాన్ని ఒప్పుకున్నారు. వాంకూవర్‌లో యూబీసీగా పేరుపడ్డ బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం మరో మంచి పని చేసింది. 2013 సెప్టెంబర్ 18న, కమిషన్ వాంకూవర్‌లో బహిరంగ సభలు మొదలుపెట్టిన రోజున, చాలా తరగతులు ఆపేసి విద్యార్థులను, అధ్యాపకులను అక్కడికి వెళ్లి వినమంది. తరగతి గదిలో చెప్పడం అలవాటైన సంస్థ ఒక రోజు కూర్చుని వినడానికి సిద్ధపడటం చిన్న విషయం కాదు. 2018 ఏప్రిల్‌లో రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్ర, సంభాషణ కేంద్రాన్ని ప్రారంభిస్తూ అప్పటి అధ్యక్షుడు శాంటా ఓనో క్షమాపణ చెప్పారు. ఆ వ్యవస్థను నడిపినవాళ్లకు శిక్షణ ఇచ్చినందుకే కాక, దాని గురించి ఇంతకాలం మౌనంగా ఉన్నందుకు కూడా బాధ్యత తమదేనన్నారు.

ఆ క్యాంపస్‌లోనే 2017 ఏప్రిల్ 1న ఒక సయోధ్య స్తంభం నిలబెట్టారు. హైదా జాతి శిల్పి జేమ్స్ హార్ట్ ఎనిమిది వందల ఏళ్ల సీడర్ మానును చెక్కి చేసిన 55 అడుగుల స్తంభమది. కింది సగంలో స్కూళ్లు రాకముందు బతుకు, పై సగంలో ఆ తర్వాతి బతుకు. మధ్యలో ఒక బడి భవనం. శిల్పి తాతగారు చదివిన బడికి అది నమూనా. ఆ భవనం మీద, చుట్టూ చెక్కకు దిగ్గొట్టిన రాగి మేకులు 68 వేలకు పైనే. ఒక్కో మేకు ఆ స్కూళ్లలో ప్రాణం పోయిన ఒక్కో బిడ్డకు గుర్తు. వాటిని కొట్టింది ఒక్క శిల్పి బృందం కాదు. ఆ స్కూళ్ల నుంచి బతికి బయటపడినవాళ్లు, వాళ్ల కుటుంబాలు, ఇప్పటి బడిపిల్లలు కలిసి సుత్తి పట్టారు. బడి పైన చెక్కిన పిల్లల బొమ్మలకు పాదాలుండవు. ఆ రోజుల్లో వాళ్లకు కాళ్లు ఆనించుకునే నేల లేకుండా పోయిందని చెప్పడానికే శిల్పి అలా చెక్కాడు. తరగతులకు వెళ్లే ఎందరో విద్యార్థులు దాని పక్క నుంచే నడుస్తారు.

స్తంభం గుర్తుచేస్తుంది. అంతకు మించి చేయలేదు. అది నిలబడ్డ నేల మస్క్వియమ్ జాతిది. ఏ ఒడంబడికలోనూ వాళ్లు ఆ నేలను ఎవరికీ రాసివ్వలేదు. వాళ్ల ఊరు క్యాంపస్‌కు ఎంతో దూరం కూడా కాదు. తమ రిజర్వు భూమిని ప్రభుత్వం గోల్ఫ్ క్లబ్బుకు కారుచౌకగా లీజుకిచ్చిందని పోరాడి 1984లో, చేపలు పట్టే హక్కు తమకుందని వాదించి 1990లో సుప్రీంకోర్టులో గెలిచిన జాతి అది. యూబీసీలో ఇప్పుడు ఏ సభ మొదలైనా ఇది మస్క్వియమ్ నేల అని ముందుగా చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాట అయ్యాక అదే సభలో భూమి వాడకం మీద తీసుకునే నిర్ణయంలో మస్క్వియమ్ ప్రతినిధికి ఓటు ఉందా అన్నది అడగాలి. ఓటు లేని చోట ఆ ప్రకటన ప్రార్థనా గీతంలా మారిపోతుంది. అందరూ లేచి నిలబడతారు, కూర్చుంటారు, పని యథాప్రకారం సాగుతుంది.

చదువు విషయంలో కొంత కదలిక ఉంది. మస్క్వియమ్ పెద్దల భాగస్వామ్యంతో వాళ్ల హన్‌కమీనమ్ భాషను యూబీసీ 1997 నుంచి నేర్పుతోంది. విన్నిపెగ్, లేక్‌హెడ్ విశ్వవిద్యాలయాలు 2016 నుంచి ప్రతి విద్యార్థీ ఆదివాసుల గురించి ఒక కోర్సు చదవాల్సిందేనన్నాయి. విక్టోరియా విశ్వవిద్యాలయం 2018లో కెనడా చట్టాన్నీ ఆదివాసి న్యాయ సంప్రదాయాలనూ కలిపి నేర్పే జంట పట్టా మొదలుపెట్టింది. ఆదివాసుల న్యాయాన్ని జానపద విశేషంగా కాక చట్టంగా బోధించడమే ఇందులో గొప్ప మార్పు. తప్పనిసరి కోర్సులు విద్యా స్వేచ్ఛకు అడ్డమని కొందరంటారు. లా విద్యార్థి రాజ్యాంగం చదవాల్సిందేనంటే ఎవరూ ఆక్షేపించరు కదా. ఒక దేశంలో టీచరుగా, డాక్టరుగా, లాయరుగా బతకబోయేవాళ్లు ఆ దేశం ఎవరి నేల మీద, ఎలా నిలబడిందో తెలుసుకోవాలనడం అంతకంటే పెద్ద కోరికేమీ కాదు.

పెత్తనం పరీక్షకు నిలిచేది పరిశోధనలో. స్కూళ్లలో హింసకు గురైనవాళ్లు పరిహారం కోసం రహస్య విచారణల్లో చెప్పుకున్న వాంగ్మూలాలను ఏం చేయాలన్న వివాదం 2017లో సుప్రీంకోర్టుకు చేరింది. చరిత్ర కోసం భద్రపరచాలని ఒక వాదన, గోప్యంగా ఉంటుందని నమ్మించి చెప్పించిన మాటలు బయటపెట్టకూడదని మరొక వాదన. భద్రపరచమని బాధితులు స్వయంగా కోరితే తప్ప, పదిహేనేళ్ల తర్వాత వాటిని ధ్వంసం చేయాలని కోర్టు చెప్పింది. చరిత్రను ప్రేమించేవాళ్లకు ఇది కష్టంగానే ఉంటుంది. కానీ ఆ తీర్పు సరైనదే. ఒకప్పుడు వాళ్ల శరీరాలను అడగకుండా పరిశోధనకు వాడుకున్నారు, ఇప్పుడు వాళ్ల దుఃఖాన్ని కూడా అడగకుండా వాడుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. తమ సమాచారం మీద యాజమాన్యం, నియంత్రణ తమవేనని ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసి జాతులు ఎప్పటి నుంచో అంటున్నాయి. ఆ మాటను మర్యాద కోసం కాక నియమంగా ఒప్పుకున్న రోజునే పరిశోధకుడికీ ఆ సమాజానికీ మధ్య నమ్మకం మొదలవుతుంది.

నియామకాల సంగతీ అంతే. ఆదివాసులమని చెప్పుకుని పదవులు పొందిన కొందరి మూలాల మీద ఈమధ్య తీవ్రమైన ప్రశ్నలు వచ్చాయి. అభ్యర్థి నోటిమాటనే విశ్వవిద్యాలయాలు నమ్మి ఊరుకోవడం వల్ల వచ్చిన చిక్కిది. ఎవరు తమవారో తేల్చే అధికారం ఆ జాతులకే ఉంది. దాన్ని హెచ్‌ఆర్ విభాగం తన చేతిలోకి తీసుకుంటే ఇలాంటివే జరుగుతాయి.

ఇదంతా మన పిల్లలకు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. వాంకూవర్, టొరంటో క్యాంపస్‌లలో తెలుగు విద్యార్థులు ఇప్పుడు గణనీయంగా ఉన్నారు. ఆ పాపం తెల్లవాళ్లది, నిన్నమొన్న వచ్చిన మాకేం సంబంధమని వాళ్లు అనుకోవడం సహజం. ఆ పాపం వాళ్లది కాదు, నిజమే. కానీ వాళ్లు ఫీజు కట్టి కూర్చునే తరగతి గది ఆ నేల మీదే ఉంది. రేపు పౌరసత్వం తీసుకునేటప్పుడు ప్రమాణమూ చేస్తారు. కమిషన్ సూచన మేరకు 2021లో ఆ ప్రమాణాన్ని మార్చి, ఆదివాసుల ఒడంబడిక హక్కులను గుర్తించే రాజ్యాంగాన్ని పాటిస్తామనే మాట చేర్చారు. వలస పాలనలో భూమి, భాష, పరువు పోగొట్టుకున్న జాతి బిడ్డలుగా ఆ మాట అర్థం మన పిల్లలకు ఇతరుల కంటే ముందే తెలియాలి.

మన విశ్వవిద్యాలయాలకూ ఇందులో పాఠముంది. కెనడా స్కూళ్లలో ఇంటి భాష మాట్లాడిన పిల్లలను కొడుతున్న కాలంలోనే, పర్లాకిమిడి కళాశాల అధ్యాపకుడు గిడుగు వెంకట రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడి నడిపారు. ఆ వారసత్వం మనది. ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఒకటి, ములుగులో ఒకటి, రెండు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు మనకున్నాయి. అక్కడ గోండీ, కోయ, సవర, కువి భాషల్లో పాఠాలుంటాయా, ఆ భాషలు మాట్లాడేవాళ్లు ఆచార్య పీఠాల్లో కూర్చుంటారా, తమ గూడేల మీద జరిగే పరిశోధనకు అనుమతి ఇచ్చే, నిరాకరించే అధికారం గ్రామసభలకు ఉంటుందా అన్నవే వాటిని కొలిచే ప్రశ్నలు. బోర్డు మీద గిరిజన అనే పేరుంటే సరిపోదు.

కెనడాలో ఏటా సెప్టెంబర్ 30న విద్యార్థులు నారింజ రంగు చొక్కాలు వేసుకుని, చనిపోయిన పిల్లలను తలచుకుంటారు. తలచుకోవాలి. కానీ అక్టోబర్ 1న పాలకమండలి సమావేశమైనప్పుడు ఆదివాసి ప్రతినిధులు ఎక్కడ కూర్చున్నారో, వాళ్లు వద్దంటే ఆ నిర్ణయం ఆగుతుందో లేదో కూడా చూడాలి. అది ఆగే విశ్వవిద్యాలయంలోనే సయోధ్య జరుగుతున్నట్టు లెక్క.