కొత్తవాళ్ళకు కొత్త భాష

బదిలీ మీద కొత్త ఊరికి వచ్చిన పిల్లలు మొదటిరోజు తరగతిలో చెప్పే మాట ఒకటుంది. అబ్బాయి అయితే "నేను ఇక్కడ కొత్తవాణ్ణి" అంటాడు. అమ్మాయి "కొత్తదాన్ని" అంటుంది. అన్నాచెల్లెళ్ళు కలిసి "కొత్తవాళ్ళం" అంటారు. ఇదే మాట జర్మన్‌లో చెప్పాలంటే "ఇష్ బిన్ నొయ్". నొయ్ అంటే కొత్త. అబ్బాయి అన్నా, అమ్మాయి అన్నా, పదిమంది కలిసి అన్నా ఆ నొయ్ మారదు.

మీలో కొందరు ఈ మధ్యే జర్మన్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. పక్క గదిలో తెలుగు చెప్పే మాకు ఈ విషయంలో ఒక గట్టి అభిప్రాయం ఉంది. జర్మన్ మొదలైంది కాబట్టి తెలుగు మానేయాలనీ, ఇన్ని భాషలైతే పిల్లలు తికమక పడతారనీ కొందరు పెద్దలు మాతో అంటుంటారు. మూడు రాష్ట్రాలు తిరిగి వచ్చిన ఒక విద్యార్థి అయితే "టీచర్, నాకు నాలుగు భాషలు కొంచెం కొంచెం వచ్చు, ఒక్కటీ సరిగ్గా రాదు" అని తల దించుకున్నాడు. ఆ మాట మమ్మల్ని చాలా బాధపెట్టింది. మీ దగ్గరున్న ఆ కొంచెం కొంచెమే జర్మన్‌కు మంచి పనిముట్టు అని మా నమ్మకం. ఎలాగో చూడండి.

మీ అందరికీ తెలిసిన బదిలీ సామానే తీసుకుందాం. సూట్‌కేసు జర్మన్‌లో డేర్ కోఫర్, చెక్కపెట్టె డీ కిస్టె, మంచం డాస్ బెట్. ముందున్న డేర్ పుంలింగానికి, డీ స్త్రీలింగానికి, డాస్ నపుంసకలింగానికి గుర్తు. "సూట్‌కేసు కొత్తది" అనాలంటే "డేర్ కోఫర్ ఇస్ట్ నొయ్". పెట్టెకూ మంచానికీ కూడా అదే నొయ్. కాని "ఒక కొత్త సూట్‌కేసు" అన్నప్పుడు విశేషణానికి తోక వస్తుంది: ఐన్ నొయర్ కోఫర్, ఐనె నొయె కిస్టె, ఐన్ నొయెస్ బెట్.

ఇక్కడే చాలామంది భయపడతారు. ఇంగ్లీషు ఒక్కటే పక్కన పెట్టుకుంటే భయం సహజం, ఎందుకంటే ఇంగ్లీషులో విశేషణం ఎక్కడున్నా ఒకేలా ఉంటుంది. తెలుగు పక్కన పెట్టి చూడండి. "కొత్త పెట్టె, కొత్త అబ్బాయి" అన్నప్పుడు తోక లేదు. "పెట్టె కొత్తది, అబ్బాయి కొత్తవాడు" అన్నప్పుడు తోక వచ్చింది. అంటే జర్మన్ తోక తగిలించేది నామవాచకం ముందు, తెలుగు తోక తగిలించేది వాక్యం చివర. పద్ధతి తిరగబడిందే తప్ప, ఆ అలవాటు మీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

హిందీ ఇంకొక మెట్టు దగ్గర చేస్తుంది. "నయా దర్వాజా, నయీ ఖిడ్కీ" అని మీరు ఆటస్థలంలో కూడా తప్పు లేకుండా అంటారు. వస్తువుకు లింగం ఉంటుందనీ, దాన్నిబట్టి విశేషణం మారుతుందనీ మీకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

భాషలు కలిసిపోయి తప్పులు రావా అని అడగవచ్చు. వస్తాయి. హిందీలో దర్వాజా పుంలింగం, జర్మన్‌లో తలుపు స్త్రీలింగం, డీ ట్యూర్. హిందీలో ఖిడ్కీ స్త్రీలింగం, జర్మన్‌లో కిటికీ నపుంసకం, డాస్ ఫెన్‌స్టర్. మీరు తలుపును డేర్ అని తీరతారు. అయితే ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదాన్ని దాచేస్తే తప్పు పోదు, దాని కారణం మాత్రం కనబడకుండా పోతుంది.

అందుకే మా సలహా ఒకటి. జర్మన్ మాటను ఒంటరిగా రాసుకోకండి. "కోఫర్" అని కాదు, "డేర్ కోఫర్" అని రాయండి. డేర్ మాటలు నీలం సిరాతో, డీ మాటలు ఎరుపుతో, డాస్ మాటలు ఆకుపచ్చతో రాస్తే కంటికి గుర్తుంటాయి. కొన్ని గుర్తులు కూడా ఉన్నాయి. మాట చివర 'షెన్' అనే చిన్నతనపు ప్రత్యయం వస్తే అది ఎప్పుడూ డాస్. అందువల్లే అమ్మాయి అనే అర్థమున్న 'మేట్‌షెన్' కూడా డాస్ మేట్‌షెన్. ఇది విని నవ్వేవాళ్ళకు మా ప్రశ్న: "బస్సు వచ్చింది, అక్క వచ్చింది" అని మనం ఇద్దరికీ ఒకే క్రియ వాడటం లేదా?

ఇంకో సంగతి. జర్మన్‌లో ష్వేర్ అంటే బరువైనది, కష్టమైనది అని రెండర్థాలు. లైష్ట్ అంటే బరువు లేనిది, సులువైనది. ఇంగ్లీషులో ఈ రెంటికీ రెండు వేరు మాటలు నేర్చుకున్న మీకు, తెలుగులో ఒక్క మాటే సరిపోతుంది: తేలిక. సంచీ తేలిక, లెక్క తేలిక.

ఈసారి ఇంట్లో సామాను సర్దేటప్పుడు పది వస్తువులు ఎంచుకోండి. ఒక్కొక్కటి ఎలా ఉందో తెలుగులో, హిందీలో, జర్మన్‌లో ఒక్కో వాక్యం రాయండి. తెలుగు వాక్యం రాకపోతే అమ్మనో నాన్ననో తాతయ్యనో అడగండి, వాళ్ళు సంతోషంగా చెబుతారు. జర్మన్ వాక్యం మీ జర్మన్ టీచరుకు, తెలుగు వాక్యం మాకు చూపించండి.

ఏ భాషా సరిగ్గా రాదని తల దించుకున్న ఆ విద్యార్థికి కూడా మేము ఇదే చెప్పాం. మరుసటి వారం అతను మూడు వరుసలు గీసిన కాగితం తెచ్చాడు. జర్మన్ వరుసలో నాలుగు తప్పులు, తెలుగు వరుసలో రెండు. వాటిని దిద్దడానికి మాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.