బ్యూటీషియన్ చదువు: మా ఇంట్లో జరిగిన వాదం

మా హోసూరు ఇంట్లో ఉగాది నాడు పెద్ద వాదమే నడిచింది. ప్లస్ టూ ముగించిన మా చిన్నాన్న కూతురు, "నేను బ్యూటీషియన్ పని నేర్చుకుంటా" అనింది. "మన ఇంటి పిల్ల ఊర్లోవాళ్ళ కాళ్ళు పట్టుకుని గోళ్ళు తీస్తాదా?" అని పెదనాన్న గట్టిగానే అడిగినారు. అవ్వ నవ్వింది. మా వీధిలో ఏ పెండ్లికూతురికి నలుగు పెట్టాలన్నా ఒకప్పుడు అవ్వనే పిలిచేవాళ్ళు. "నేను చేసింది ఆ పనే గదరా, నాకెవరూ డబ్బులియ్యలేదు, అంతే" అనింది.

పెదనాన్న మాట వెనుక ఉన్నది కులం లెక్క. తరతరాలుగా మంగలివాళ్ళు చేసిన పని అని చిన్నచూపు. వాళ్ళు లేకుండా మన ఇండ్లల్లో ఒక్క పెండ్లి జరిగిందా? దీని మీద మేము ఇంక వాదించము. తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఎక్కడ నేర్చుకోవాలి?

మా ఇంట్లో ఇదివరకే ఒక దెబ్బ తిన్నాము. ఇంకొక చెల్లెలు మూడు నెలల ప్రైవేటు కోర్సుకు పోయింది. ఏసీ హాలు, గోడ నిండా పెండ్లికూతుళ్ళ ఫోటోలు. క్లాసులో ముప్పై మంది, బొమ్మ తలలు రెండే. ఒక రోజు ఒకరి జుట్టుకు ఒకరు రంగు వేసుకోమన్నారు, ముందుగా పరీక్ష ఏమీ లేదు. పక్కన కూర్చున్న పిల్లకు తెల్లారేసరికి కండ్లు మూసుకుపోయేంతగా మొహం వాచింది. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, అది కొందరికి పడదు. రెండు రోజుల ముందే చెవి వెనకాలో మోచేతి మడతలోనో కొంచెం పూసి చూడాలి. ఈ మాట మా చెల్లెలికి ఆ కోర్సులో ఎవరూ చెప్పలేదు. సర్టిఫికెట్ మాత్రం బంగారు రంగు అక్షరాలతో ఇచ్చినారు. బెంగళూరులో పార్లరు ఆమె దాన్ని మడిచి తిరిగిచ్చి, "నాకు ఐబ్రో చెయ్యి, చూస్తా" అనింది. దారం పట్టుకున్న చెయ్యి వణికింది.

అందుకే మా ఓటు ఐటీఐకే. కాస్మెటాలజీ ట్రేడు ఒక ఏడాది, పదో తరగతి పాసైతే చాలు. చర్మం ఎట్లా పని చేస్తుంది, సామాను ఎట్లా శుద్ధి చేయాలి, కరెంటు మిషన్లతో జాగ్రత్త, ఇవన్నీ పాఠాల్లోనే ఉంటాయి. నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. ఇంటి పక్కన తమిళనాడు, బస్సెక్కితే కర్ణాటక అనే మనలాంటి సరిహద్దువాళ్ళకు అది చిన్న సంగతి కాదు. ఆ పైన ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ తీసుకుంటే టీచరు కూడా కావచ్చు. అయితే ఈ ట్రేడు అన్ని ఐటీఐలలోనూ లేదు, ముందే పోయి విచారించండి.

ఐటీఐలో లోటు లేదని కాదు. ఈ కాలం పెండ్లి మేకప్పు అక్కడ అంతగా రాదు, కొన్నిచోట్ల మిషన్లు పాతవి. దానికి మందు, చదువైనాక జనం బాగా వచ్చే పార్లరులో ఒక ఏడాది పని. జీతం తక్కువే ఇస్తారు, మొదట్లో వెంట్రుకలు ఊడ్పిస్తారు. ఊడ్చనీ. పెద్దామె చేతుల్ని చూస్తూ నేర్చుకునేది ఏ హాలులోనూ దొరకదు. చిన్న ప్రైవేటు కోర్సుకు డబ్బు పెట్టాలంటే అప్పుడు పెట్టండి, ఏం కావాలో పిల్లకే తెలుస్తుంది. విదేశాలకో పెద్ద స్పాలకో పోవాలనుకుంటే స్విట్జర్లాండు సిడెస్కో డిప్లొమా ఉంది. దానికి 1200 గంటల శిక్షణ, ఖర్చు కూడా బాగానే. అప్పు చేసి మొదటి మెట్టుగా దాన్ని ఎక్కొద్దు.

ఇంకొకటి, మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కన్నడం ఊరికే వచ్చేస్తాయి. ఈ పనిలో అది పెట్టుబడి. "నాకు బ్లీచ్ పడదమ్మా, పోయినసారి మండింది" అని ఒక పెద్దామె మనసిప్పి చెప్పేది తన భాషలోనే.

ఫారం నింపినాము. ఫీజు తానే కడతానని పెదనాన్న అన్నారు. గోళ్ళ సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.