లంచం పోయింది, లాఠీ మిగిలింది

2004 దాకా జార్జియాలో కారు తీసి రోడ్డెక్కితే జేబులో నోట్లు ఉండాల్సిందే. ట్రాఫిక్ పోలీసు ముందు బండి ఆపేవాడు, తప్పేమిటో తర్వాత వెతికేవాడు. అతని జీతం నెలకు నలభై డాలర్లకు అటూఇటూ. లంచం పోసి ఉద్యోగం తెచ్చుకున్నవాడు, రోజువారీ వసూళ్లలో పైఅధికారి వాటా పంపాల్సినవాడు రోడ్డు మీద ఇంకేం చేస్తాడు?

2003 నవంబరు గులాబీ విప్లవంతో మిఖైల్ సాకాష్విలీ అధికారంలోకి వచ్చారు. ఆయన ప్రభుత్వం ట్రాఫిక్ విభాగాన్నే రద్దు చేసి దాదాపు 16 వేల మందిని ఇంటికి పంపింది. కొత్తవాళ్లు వచ్చేదాకా కొంతకాలం రోడ్ల మీద ట్రాఫిక్ పోలీసన్నవాడే లేడు. పరీక్ష పెట్టి యువతీయువకులను తీసుకున్నారు, జీతం సుమారు పది రెట్లు చేశారు. మఫ్టీలో మనుషుల్ని పంపి, కావాలనే రూల్స్ తప్పించి, కొత్త పోలీసు చెయ్యి చాస్తాడా లేదా అని చూశారు. లోపలేం జరుగుతోందో వీధిలోకి కనపడేలా అద్దాల గోడలతో స్టేషన్లు కట్టారు. కొన్నేళ్లలోనే రోడ్డు మీద మామూళ్లు దాదాపు మాయమయ్యాయి. ఇది ఆషామాషీ విజయం కాదు. పేదవాడి జేబు మిగిల్చిన ఏ సంస్కరణకైనా నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

కానీ అద్దాల గోడలు జైళ్లకు కట్టలేదు. హోంశాఖ ఏళ్ల తరబడి వానో మెరాబిష్విలీ అనే ఒక్క మంత్రి గుప్పిట్లో ఉంది. 2006లో ఒక యువ బ్యాంకు ఉద్యోగిని ఆ శాఖ అధికారులే చంపారు. దర్యాప్తు నిష్పక్షపాతంగా జరగలేదని 2011లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది. నలభై ఐదు లక్షల జనాభా కూడా లేని దేశంలో ఖైదీలు 24 వేలు దాటారు. 2012 సెప్టెంబరులో గ్ల్దానీ జైలు చిత్రహింసల వీడియోలు టీవీల్లో రాగానే జనం వీధుల్లోకి వచ్చారు. అక్టోబరు 1 ఎన్నికల్లో పాలకపక్షం ఓడిపోయింది.

గెలిచిన 'జార్జియన్ డ్రీమ్' పార్టీ పోలీసు పగ్గాలు వదిలిందా? లేదు. 2024 చివర్లో రాజధాని టిబిలిసీలోని రుస్తవేలీ అవెన్యూలో నిరసనకారుల్ని పోలీసులు చితకబాదారు. అరెస్టయిన చాలామంది తమను కొట్టారని పబ్లిక్ డిఫెండర్ (మానవ హక్కుల అంబుడ్స్‌మన్) కార్యాలయానికి చెప్పుకున్నారు.

పోలీసును లంచం నుంచి తప్పించడానికి జార్జియాకు కొన్నేళ్లు చాలాయి. పాలకుడి నుంచి తప్పించే పనిని ఇరవై ఏళ్లలో ఏ పార్టీ కూడా తలకెత్తుకోలేదు.