నిండుబండి బరువు

అమెరికాలో సెలవులకు పికప్ ట్రక్కునకు ‘ఫిఫ్త్ వీల్’ అను ఇంటిబండిని తగిలించుకొని పోవు అలవాటు గలదు. అచ్చటి మన ఆడపడుచులకొక మాట. అమ్మకపు కాగితమున చూపు బరువు వట్టిబండిది. నీరు నింపి, గిన్నెలు, పరుపులు, గ్యాసు సిలిండర్లు సర్దినపిదప లెక్క వేరు. 60 గ్యాలనుల నీరే 500 పౌనులు! (ఆవకాయ జాడీ నెవ్వరును లెక్కింపరు.) ఈ బండి మెడ ట్రక్కు తొట్టిలో ఆనుటచే మొత్తములో ఇంచుమించు అయిదవవంతు ట్రక్కుపై పడును, 12,000 పౌనులకు 2,400. ట్రక్కు తలుపునందలి చీటీలో వ్రాసిన హద్దులోనే ఆ బరువును, ఎక్కిన మనుష్యుల బరువును ఇమడవలయును. హద్దు మీరినచో టైర్లు పగులును, బ్రేకులు చాలవు, లోపలనున్నది పిల్లలు. కావున సర్దిన బండిని లారీల కాటాపై ఇరుసులవారీగా తూయింపుడు. ఎక్కువైనచో, నీరు విడిదిలో నింపికొనవచ్చును.